విశాఖ తీరంలో తాబేళ్లు ఉత్తరానికి జరిగాయా? గుడ్ల రిజిస్టరు నుంచి ఇసుక దాకా ఒక కేస్ స్టడీ

విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే ఒక చిన్న స్వచ్ఛంద బృందం నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న ఇది. రాత్రి కాపలాకు మనుషులు చాలడం లేదు. పాత రిజిస్టర్లు తిరగేస్తే నగరం ఒడ్డున దొరికే గూళ్లు ఏటికేడు తగ్గుతూ, సాగర్‌నగర్ దాటాక రుషికొండ, భీమిలి వైపు పెరుగుతున్నట్టు కనిపిస్తోంది. తాబేళ్లు నగరాన్ని వదిలేశాయని అనుకుని, ఆర్కే బీచ్ నుంచి జోడుగుళ్లపాలెం దాకా తిరిగే మనుషులను ఉత్తరానికి పంపేయవచ్చా? సేకరించిన గుడ్లను పాతి పొదిగించే హేచరీని కూడా అటే తరలించాలా?

జీవజాతులు ఎక్కడెక్కడ ఉన్నాయి, పరిసరాలు మారితే ఎటు కదులుతాయి అన్నది పటాలతో, లెక్కలతో తేల్చడం నా వృత్తి. ఇలాంటి ప్రశ్నకు ఒక జవాబు ఎప్పుడూ నోటి చివరనే ఉంటుంది: నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి, తాబేళ్లు పారిపోయాయి. అది నిజమే కావచ్చు కూడా. కానీ ఆ జవాబును నమ్మి ఒక తీరభాగాన్ని కాపలా లేకుండా వదిలేశామనుకోండి. అక్కడ పెట్టిన గుడ్లు తెల్లారేసరికి కుక్కల పాలవుతాయి. వెతికే వారు లేరు కాబట్టి మరుసటి ఏడాది రిజిస్టరులో ఆ చోటికి సున్నా పడుతుంది. ఆ సున్నాను చూసి మన నిర్ణయం సరైనదేనని మనమే సర్దిచెప్పుకుంటాం. ఒకసారి ఈ చక్రంలో పడితే బయటపడటం కష్టం. అందుకే మనుషులను కదిలించే ముందు ఒక సీజన్ పాటు తీరాన్నే అడిగి చూద్దామన్నాను. వాళ్లు ఒప్పుకున్నారు.

రిజిస్టరులో ఉన్నవి, లేనివి

ఒడిశాలోని గహీర్‌మఠ, ఋషికుల్య తీరాల్లో ఈ తాబేళ్లు వేలాదిగా ఒకేసారి ఒడ్డుకు వస్తాయి. మన తీరంలో అలా కాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఒక్కో రాత్రి ఒకటో రెండో విడివిడిగా వస్తాయి. పోటు గీతకు పైన, పొడి ఇసుకలో వెనక కాళ్లతో అడుగున్నర లోతు గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెట్టి, పూడ్చి, సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఇసుక వేడికి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. కుక్కలు, నక్కలు, పీతలు, అలలు అంతకాలం ఊరుకోవు కాబట్టి కాపలావాళ్లు తెల్లవారకముందే గుడ్లు తీసి హేచరీలో మళ్లీ పాతుతారు. తేదీ, బీచ్ పేరు, గుడ్ల సంఖ్య, చివరికి బయటికొచ్చిన పిల్లల సంఖ్య రిజిస్టరులో రాస్తారు.

ఆ రిజిస్టరును పెట్టింది హేచరీ నడపడానికి. ఆ పనికి అది చక్కగా సరిపోతుంది. విస్తరణ పటం, అంటే తాబేళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటం గీయాలంటే మాత్రం అందులో రెండు విషయాలు లేవు. ఏ రాత్రి ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిచారు, నడిచి ఏమీ దొరకక వెనక్కి వచ్చిన రాత్రులు ఏవి అన్నది మొదటిది. తాబేలు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిన సందర్భాలు రెండోది. ఈ రెండోదే చివరికి మొత్తం కేసును తిప్పింది.

ముందు ఉన్న సమాచారంతోనే ఒక పరీక్ష చేశాను. జంతువు కనిపించిన చోట్లు మాత్రమే తెలిసి, లేని చోట్ల సంగతి తెలియనప్పుడు మా రంగంలో ఎక్కువమంది వాడేది మాక్స్‌ఎంట్ పద్ధతి. 2006లో ఫిలిప్స్, ఆండర్సన్, షపైర్ దాన్ని జీవజాతుల విస్తరణ అధ్యయనానికి తెచ్చారు. గూళ్లు దొరికిన చోట్ల పరిస్థితులను తీరమంతటి పరిస్థితులతో పోల్చి, ఏ అంశం ఎంత పనిచేస్తోందో అది చెబుతుంది. ఒడ్డు వెడల్పు, రాత్రి వెలుతురు, సరుగుడు తోటల దూరం, పల్లెల దూరం ఇచ్చాను. వాటి పక్కన కావాలనే తాబేలుకు ఏ సంబంధమూ లేని ఒక అంశాన్ని కూడా పెట్టాను: హేచరీ పాక నుంచి ఎంత దూరం. అన్నిటికన్నా బలంగా పనిచేసింది ఆ చివరిదే. హేచరీకి దగ్గరైన కొద్దీ గూళ్లు ఎక్కువ, దూరమైన కొద్దీ తక్కువ. తాబేలుకు హేచరీ ఎక్కడుందో తెలియదు. కాపలా మనిషికి తెలుసు. అంటే రిజిస్టరు నుంచి గీసిన పటం చాలా వరకు మనుషుల నడకల పటం. విస్తరణ మీద పనిచేసే ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష చేసి చూడాలని గట్టిగా చెబుతాను. అడవిలో అయితే రోడ్డు దూరం, పక్షుల లెక్కలో అయితే బస్టాపు దూరం పెట్టి చూడండి.

జాడ ఎంతసేపు నిలుస్తుంది

సీజన్ మొదలయ్యాక తీరాన్ని అర కిలోమీటరు ముక్కలుగా విడగొట్టాం. ప్రతి ముక్కను ఒకే తెల్లవారుజామున ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నడవాలి. ఇద్దరికీ దొరికినవి, ఒకరికే దొరికినవి పోల్చితే, ఇద్దరి కంటా పడనివి ఎన్ని ఉండవచ్చో అంచనా కట్టవచ్చు. మెకంజీ బృందం 2002లో చెప్పిన ఆక్యుపెన్సీ పద్ధతికి మూలం కూడా ఇదే: ఒక చోట జీవి ఉండటం, అది మన కంట పడటం వేర్వేరు సంగతులు, వాటిని వేర్వేరుగానే లెక్కించాలి.

ఆలివ్ రిడ్లే జాడ తెలిసిన కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ముప్పాతిక మీటరు వెడల్పు పట్టీ, రెండు వైపులా ఈత రెక్కల గుర్తులు ఒకదాని వెనక ఒకటిగా, ఎడమ కుడి మార్చి మార్చి పడి ఉంటాయి. గుడ్లు పెట్టిన చోట ఇసుక చిందరవందరగా చిమ్మి, పైన శరీరంతో తొక్కి చదును చేసిన గుర్తు ఉంటుంది. అయితే ఈ జాడ ఆయుష్షు ఒక్కో చోట ఒక్కో రకం. మంగమారిపేట వైపు పొద్దు బాగా ఎక్కినా చెక్కుచెదరదు. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామునే నడకకు వచ్చేవారి పాదాలు, ఆ వెంటనే బీచ్ శుభ్రం చేసే యంత్రాల చక్రాలు దాన్ని తుడిచేస్తాయి. జాలరిపేటల ముందు అలివి వల లాగినప్పుడు తాళ్లు, పాదాలు ఒడ్డునంతా దున్నేస్తాయి. నడక గంట ఆలస్యమైతే ఉత్తరాన పోయేదేమీ లేదు, నగరం ఒడ్డున సగం సాక్ష్యం పోతుంది.

నడక వేళను వెనక్కి, చీకట్లోకి జరిపేసరికి నగరం ముక్కల్లో జాడలు కనబడటం మొదలైంది. ఉత్తరాన తేడా రాలేదు. రిజిస్టరు చూపిన తగ్గుదలలో ఒక భాగం తాబేళ్లది కాదు, మన కళ్లదని ఇక్కడే తేలింది. ఒక భాగమే అంటున్నాను. మిగతాది నిజమైన మార్పే, దాని కారణాలు వేరు.

ఉత్త జాడలు

చీకట్లో నడిచినప్పుడు నగరం ఒడ్డున దొరికిన జాడల్లో చాలా వాటి చివర గూడు లేదు. నీటి అంచు నుంచి పైకి వచ్చి, వంపు తిరిగి, మళ్లీ నీటిలోకే వెళ్లిన గీత. తాబేలు వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. వీటిని మేం ఉత్త జాడలన్నాం. జోడుగుళ్లపాలెం దగ్గర ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ ఉంటే, "తాతా, ఇక్కడికి తాబేళ్లు రావడం తగ్గిందంటారు, నిజమేనా?" అని అడిగాను. "రావడం మానలేదమ్మా. ఎక్కలేక వెళ్లిపోతున్నాయి. ఆ గట్టు చూడు, మా తెప్పనే ఎక్కించలేకపోతున్నాం" అన్నారు.

ఆయన చూపిన గట్టు నా పటంలో లేదు. ఉపగ్రహ చిత్రాల్లో ఆ భాగం వెడల్పైన, మంచి ఇసుక ఒడ్డు. అలా ఎందుకు కనిపిస్తోందో అర్థం కావాలంటే విశాఖ తీరంలో ఇసుక ఎలా నడుస్తుందో చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. 1933లో ఓడరేవు మొదలైంది, 1970లలో ఔటర్ హార్బరు వచ్చింది. డాల్ఫిన్ నోస్ దిగువన ఉన్న అలల అడ్డుగోడల దగ్గర ఇసుక ఆగిపోయి, ఉత్తరాన ఉన్న నగరం ఒడ్డుకు అందాల్సిన ఇసుక అందదు. అందుకే డ్రెడ్జర్లు ఆగిన ఇసుకను తోడి ఉత్తరపు ఒడ్డున పోస్తాయి. అది అవసరమైన పనే. కానీ పోసిన ఇసుక సహజంగా పరుచుకున్న ఇసుకలా ఏటవాలుగా ఉండదు. అలలు దాని పాదాన్ని కోసినప్పుడు నిలువు గట్టు లేస్తుంది. పై నుంచి చూసే ఉపగ్రహానికి గట్టు కనబడదు, వెడల్పే కనబడుతుంది. ముప్పై, నలభై కిలోల బరువును నాలుగు ఈత రెక్కల మీద ఈడ్చుకుంటూ వచ్చే తాబేలుకు మోకాలెత్తు గట్టు కూడా గోడే.

ఇక్కడ కొలత ప్రమాణం గురించి ఒక మాట. వాతావరణ నమూనాల్లో సాధారణంగా వాడే పటాల్లో ఒక గడి కిలోమీటరు మేర ఉంటుంది. విశాఖలో అలాంటి ఒక్క గడిలో సముద్రం, ఒడ్డు, బీచ్ రోడ్డు, కైలాసగిరి వాలు కూడా పడవచ్చు. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో గడి 30 మీటర్లు. చాలా చోట్ల ఒడ్డు మొత్తం అంతే. 2015 నుంచి అందుతున్న సెంటినెల్-2 చిత్రాల్లో గడి 10 మీటర్లు, కొంత నయం. తాబేలు నిర్ణయం తీసుకునేది మాత్రం తన ముందున్న రెండు మూడు మీటర్లలో. అందుకని ఒడ్డు వాలును చేతితోనే కొలిచాం. 1961లో ఎమరీ చెప్పిన పద్ధతి ఇప్పటికీ దీనికి మించినది లేదు: ఒకే ఎత్తు కర్రలు రెండు, మధ్య కొలతాడు. ఒడ్డు పైభాగాన ఒక కర్ర, సముద్రం వైపు ఇంకొకటి నిలబెట్టి, పై కర్ర వెనక నిలబడి రెండో కర్ర కొనకు, సముద్రం ఆకాశం కలిసే గీతకు చూపు కలిపితే ఎంత ఎత్తు తేడా ఉందో పై కర్ర మీది అంకెలే చెబుతాయి. పదో తరగతి పిల్లలు కూడా నేర్చుకుని చేశారు. లక్షలు ఖర్చయ్యే యంత్రం ఏదీ అక్కర్లేదు.

దీపాలా, గట్టా

కొలతలు చేతికొచ్చాక అసలు చిక్కు ఎదురైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులతో విశాఖ మీదే తీరం దాటింది. ఒడ్డు కోసుకుపోయింది, చెట్లు కూలిపోయాయి. ఆ వెంటనే నగర వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు. తెల్లటి ఎల్‌ఈడీ వెలుగులో నీలి రంగు భాగం ఎక్కువ. సముద్ర తాబేళ్లను గందరగోళపరిచేది ముఖ్యంగా ఆ నీలి భాగమే. పాత సోడియం దీపాల పసుపు వెలుగు అంత హాని చేయదు. ఇప్పుడు గూళ్లు తగ్గాయంటే కారణం కోతా, వెలుగా? రెండూ ఒకే కాలంలో వచ్చాయి కాబట్టి ఏళ్లవారీ లెక్కలు ఎంత తిరగేసినా వాటిని విడదీయలేం. ఇలాంటి చోట ముందు, తర్వాత అని పోల్చిన అధ్యయనాలను నేను నమ్మను.

కాలంలో విడదీయలేనిదాన్ని స్థలంలో విడదీయవచ్చు. వెలుగు ఉండి గట్టు లేని ముక్కలు, గట్టు ఉండి వెలుగు లేని ముక్కలు, రెండూ ఉన్నవి, రెండూ లేనివి తీరం పొడవునా ఉన్నాయి. సాగర్‌నగర్ దాటాక కొన్ని చోట్ల సరుగుడు తోటలు రోడ్డు దీపాలను అడ్డుకుంటాయి. వెలుగును కూడా నిలబడి కొలవలేదు. ఇసుక మీద బోర్లా పడుకుని, తాబేలు కన్ను ఉండే ఎత్తులో వెలుతురు కొలిచే మీటరు పెట్టి కొలిచాం. నిలబడినప్పుడు కళ్లలో కొట్టే దీపం పడుకుంటే ఒక్కోసారి గట్టు చాటుకు పోతుంది. ఇంకోచోట, ఎవరూ పట్టించుకోని ఒక హోటల్ మిద్దె మీది ఫ్లడ్‌లైటు నేరుగా ఇసుక మీదికి వచ్చి పడుతుంది.

పోల్చి చూస్తే తేడా జాడల ఆకారంలోనే ఉంది. గట్టున్న ముక్కల్లో ఉత్త జాడ గట్టు పాదం దాకా వచ్చి, కొంతదూరం గట్టు వెంబడే పక్కకు నడిచి, దారి దొరకక తిరిగిపోయింది. దారి దొరికిన చోట, అంటే జనం దిగి దిగి గట్టు విరిగిన చోట, పైకెక్కి గుడ్లు పెట్టింది కూడా. వెలుగున్న ముక్కల్లో మాత్రం జాడలే తక్కువ. వచ్చినవి కూడా నీటి అంచు దాటి ఎక్కువ దూరం రాకుండానే మళ్లాయి. గట్టు తాబేలును ఒడ్డున ఆపుతోంది. వెలుగు దాన్ని నీటిలోనే ఆపుతోంది. గూళ్ల లెక్క మాత్రమే రాస్తే ఈ రెండూ ఒకే సున్నాగా కనిపిస్తాయి. గట్టును ఒక మధ్యాహ్నం పారలతో వాలుగా చెక్కి సరిచేయవచ్చు, వెలుగుకు ఆ మందు పనిచేయదు. ఈ తేడా తెలియకుండా తాబేళ్లు వెళ్లిపోయాయని తేల్చేయడం ఆ జీవికి మనం చేసే అన్యాయం అని నా గట్టి నమ్మకం.

సరుగుడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వెలుగుకు అడ్డంగా ఉందని దాన్ని మెచ్చుకుని ఊరుకోకూడదు. ఒడ్డు కోసుకుపోయి సముద్రం ముందుకొచ్చిన చోట సరుగుడు వరస ఇప్పుడు పోటు గీత పక్కనే ఉంది. వేళ్లు, రాలిన ఆకుల మందపాటి పరుపు ఉన్న ఇసుకలో గుంట తవ్వడం తాబేలుకు సాధ్యం కాదు. తోట, పోటు గీత మధ్య ఖాళీ ఇసుక ఉన్నచోట సరుగుడు మేలు, లేనిచోట కీడు. తోట దూరం ఒక్కటే అంశంగా పెట్టిన నమూనా ఈ రెంటినీ కలిపేసి, ప్రభావం ఏమీ లేదని చెప్పింది.

నేటి గూళ్లు ఎప్పటి తీరానివి

ఆడ ఆలివ్ రిడ్లే గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లు దాటుతుంది. పెద్దయ్యాక తాను పుట్టిన తీరప్రాంతానికే రావడం దాని స్వభావం. మిగతా సముద్ర తాబేళ్లంత కచ్చితంగా కాకపోయినా ప్రాంతాన్ని మరీ మార్చదు. అంటే ఈ సీజన్‌లో ఒడ్డెక్కుతున్న తల్లుల్లో చాలా మటుకు హుద్‌హుద్‌కు ముందటి తీరంలో పుట్టినవే. ఇప్పటి విస్తరణను ఇప్పటి పరిసరాలతో మాత్రమే ముడిపెట్టే నమూనా ఇక్కడ తప్పక తడబడుతుంది. తీరం పాడైనా గూళ్లు కొన్నేళ్లు వస్తూనే ఉంటాయి; బాగుపడినా వెంటనే పెరగవు. మూడు నాలుగేళ్ల రిజిస్టరు చూసి హేచరీ తరలించాలన్న ఆలోచనకు నేను అడ్డుచెప్పడానికి ఇది ప్రధాన కారణం. పుట్టిన తీరాన్ని గుర్తుంచుకునే జీవి పిల్లలను ఎక్కడ సముద్రంలోకి వదులుతున్నామన్నది చిన్న విషయం కాదు.

హేచరీలో ఇసుక వేడి ఇంకో సంగతి. తాబేలు పిల్ల ఆడో మగో తేలేది పొదుగుడు కాలం మధ్య మూడో వంతులో ఉండే వేడిని బట్టి. 29, 30 డిగ్రీల ప్రాంతంలో రెండూ సమంగా పుడతాయి. వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. 34, 35 డిగ్రీలు దాటి చాలా రోజులు నిలిస్తే గుడ్లలోనే చనిపోతాయి. సహజంగా అయితే ఒక గూడు సరుగుడు నీడలో, ఒకటి ఎర్రటి ఎండలో, ఒకటి తేమ ఇసుకలో ఉండి ఆ వైవిధ్యమే జాతికి రక్ష. పాతిక కిలోమీటర్ల తీరం గుడ్లన్నీ తెచ్చి ఒకే పాకలో పాతితే అందరికీ ఒకటే వేడి. మార్చి చివర పెట్టిన గుడ్లు విశాఖ ఏప్రిల్, మే ఎండల్లో పొదుగుతాయి. గూటి లోతులో ఉష్ణమాపకాలు పెట్టి చూశాక, ఆలస్యంగా వచ్చిన గూళ్ల వరసల మీద తాటాకు పందిరి వేయించాం. ముందు వచ్చిన వరసలను ఎండలోనే ఉంచాం.

కొట్టుకొచ్చిన చనిపోయిన తాబేళ్ల లెక్కలను కూడా పటంలో చేర్చమని అడిగారు. చేర్చలేదు. శవం ఒడ్డుకు చేరిన చోటు అది చనిపోయిన చోటు కాదు. ఫిబ్రవరి నుంచి మన తీరపు ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది కాబట్టి భీమిలిలో తేలిన తాబేలు ఎంతో దక్షిణాన వలలో చిక్కి ఉండవచ్చు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. తాబేళ్లు ఒడ్డుకు వచ్చే నెలలు అప్పటికే దాదాపు ముగిసిపోతాయి. ఆ లెక్కలు ముఖ్యమైనవే, కానీ అవి చెప్పేది వలల గురించి.

బృందం తీసుకున్న నిర్ణయం

నగరం ముక్కల్లో కాపలా ఎత్తేయలేదు, వేళ మార్చారు. అక్కడ నడక చీకటి ఉండగానే పూర్తవుతుంది. ఉత్తరాన జాడ నిలుస్తుంది కాబట్టి అక్కడివారు తెల్లవారాకే బయల్దేరుతారు. దాంతో ఒకే మనిషి రెండు చోట్లా పనికొస్తున్నాడు, కొరత సగం తీరింది. హేచరీ ఉన్నచోటే ఉంది. శుభ్రం చేసే యంత్రాలు సీజన్‌లో కాపలావారి నడక అయ్యాకే బయల్దేరాలని కోరారు. గట్టు లేచిన చోట్ల జాలరి యువకులు పారలతో వాలు చేస్తున్నారు. తెప్పలు ఎక్కించడానికి వాళ్లకూ ఆ వాలు కావాలి. బృందం అడగ్గానే హోటల్ యజమాని ఆ ఫ్లడ్‌లైటును కిందికి వంచి, రేకు మూత పెట్టించారు. వీధి దీపాల సంగతి ఇంకా తేలలేదు, అర్జీ పెట్టి ఉంది.

రిజిస్టరులో కొత్త గడులు చేరాయి: నడక మొదలైన చోటు, ముగిసిన చోటు, వేళ, ఏమీ దొరకకపోతే "ఏమీ లేదు" అని తప్పనిసరిగా రాయడం, ఉత్త జాడ అయితే అది ఎక్కడి నుంచి మళ్లింది, అక్కడ గట్టుందా, వెలుగుందా, వేళ్లున్నాయా. యారాడ, అప్పికొండ, ముత్యాలమ్మపాలెం వైపు పనిచేసేవారు కూడా ఇవే గడులు వాడితే అలల అడ్డుగోడలకు రెండు వైపులా ఉన్న తీరాన్ని మొదటిసారి ఒకే కొలతతో పోల్చవచ్చు. దక్షిణాన ఇసుక పేరుకునే వైపు ఉత్త జాడలు ఎన్ని, ఉత్తరాన కోతపడే వైపు ఎన్ని అన్నది వచ్చే సీజన్‌లో మేం వెతకబోయే ప్రశ్న. డ్రెడ్జర్ ఇసుక పోయడం డిసెంబరులోపే ముగించి, జనవరి రాకముందే వాలు చేయించగలిగితే, దాని ఫలితం కూడా అదే రిజిస్టరులో తెలుస్తుంది.